మహదేవపూర్ నుంచి యానాం దాకా అడుగుతూ పోతే

మహదేవపూర్ బస్టాండులో బస్సు ఎక్కేవాళ్లు బోర్డు చదివి ఊరుకోరు. చదివినవాళ్లు కూడా ఒక మాట అడిగే ఎక్కుతారు. ‘అన్నా, కాళేశ్వరం పోతదా?’ అని ఒకరు, ‘ఇది భూపాలపల్లి బస్సేనా?’ అని ఇంకొకరు, ‘కాటారంల ఆగుతదా, ఆగదా?’ అని మరొకరు. మన భాషలో ప్రశ్న ఎట్లా పుడుతుందో ఈ మూడింటిలోనే ఉంది. ‘పోతది’ చివర ఒక దీర్ఘం తగిలితే ప్రశ్న అయింది. వాక్యంలో మరే మాటా చోటు మారలేదు. ఈ సంగతి ఎరుకలో పెట్టుకున్నవాళ్లకు ఫ్రెంచ్‌లో ప్రశ్న అడగడం సగం వచ్చినట్టేనన్నది నా వాదన. దాన్ని పరీక్షించడానికి గోదావరి ఒడ్డు కంటే మంచి దారి లేదు. పై కొసన మహదేవపూర్ ఉంది: అడవులు, నల్లమద్ది చెట్ల మీద పెరిగే దసలి పట్టు కాయలు, ఆ నూలు నేసే మగ్గాలు, దగ్గర్లోనే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే కాళేశ్వరం. కింది కొసన యానాం ఉంది. 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న తెలుగు పట్టణం అది. ఒకే నీళ్లు ఈ రెండు ఊళ్లనూ తాకుతూ పోతాయి.

మహదేవపూర్‌కు ఫ్రెంచ్‌తో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. అడగదగ్గ ప్రశ్నే. ఈ ఊరు 2016 దాకా కరీంనగర్ జిల్లాలో, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న మండల కేంద్రం. నది దాటితే మహారాష్ట్ర సిరొంచ. అక్కడ తెలుగూ మరాఠీ కలిసే వినిపిస్తాయి, లోపలి గూడేల్లో గోండి, కోయ మాటలు వినిపిస్తాయి. సంతకు వచ్చినవాళ్లు ఎదుటి మనిషిని బట్టి భాష మార్చుకోవడం ఇక్కడ చదువుగా లెక్కకు రాదు, బతుకు తెరువు కింద పోతుంది. మహదేవపూర్ ఇప్పుడు మంథని శాసనసభ నియోజకవర్గంలో భాగం. 1957 నుంచి 1977 దాకా మంథనికి ప్రాతినిధ్యం వహించిన మనిషి పి.వి. నరసింహారావు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీల నుంచి స్పానిష్, ఫ్రెంచ్ దాకా చేయి చాచిన ఆయన పేరు తలచుకుంటే, ఈ ప్రాంతానికి పరాయి భాషలు అందనివని ఎవరూ అనలేరు. నాలుగు భాషల నడుమ పెరిగిన పిల్లలకు ఐదో భాష నేర్పేటప్పుడు మన బడులు వాళ్లకున్న బలాన్ని పక్కన పెట్టించి, వాళ్లకు ఇంకా సరిగా పట్టుబడని ఇంగ్లీషు మీదుగా నడిపిస్తున్నాయి. నా అభ్యంతరం దాని మీద.

ఫ్రెంచ్‌లో అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నను మూడు విధాలుగా అడగవచ్చని ప్రతి వాచకమూ చెబుతుంది. ‘బస్సు బయలుదేరుతుంది’ అనడానికి ‘ల బ్యుస్ పార్’ అంటారు. ఆ వాక్యాన్నే గొంతు పైకి లేపి అంటే ప్రశ్న. ముందు ‘ఎస్‌క’ అనే ముక్క చేర్చి ‘ఎస్‌క ల బ్యుస్ పార్?’ అన్నా ప్రశ్నే. మూడోది, క్రియను కర్తకు ముందు పెట్టి తిప్పి అడగడం. ‘మీరు ఫ్రెంచ్ మాట్లాడతారు’ అనేది ‘వు పార్లే ఫ్రాఁసె’ అయితే, తిప్పినప్పుడు ‘పార్లే-వు ఫ్రాఁసె?’ అవుతుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చిన విద్యార్థి ఈ మూడింటిలో మూడోదాన్నే అసలైన ప్రశ్న అనుకుంటాడు. ‘ఆర్ యూ’, ‘కెన్ యూ’ అని తిప్పడం ముందే అలవాటైంది కాబట్టి. ‘డూ యూ’ దగ్గరకు వచ్చేసరికి ఆ ‘డూ’కు సాటి మాట ఫ్రెంచ్‌లో వెతుకుతాడు. అది లేదు. తిప్పుదామంటే కర్త స్థానంలో బస్సు వంటి నామవాచకం ఉన్నప్పుడు ఊరికే తిప్పితే చాలదు. ‘ల బ్యుస్ పార్-తిల్?’ అనాలి. అంటే బస్సును మొదట చెప్పి, క్రియ తర్వాత ‘అది’ అని మళ్లీ ఒక సర్వనామం తగిలించాలి. ‘నేను’ అనే అర్థంలో వచ్చే ‘జ’ను తిప్పడం ఫ్రెంచ్ వాళ్లకే ఏవో కొన్ని క్రియలతో తప్ప నోట పలకదు. ఇన్ని మెలికలున్న చోట మొదటి అడుగు వేయించడం వల్లనే, ఫ్రెంచ్‌లో ప్రశ్న అంటే పిల్లలు బెదిరిపోతున్నారు.

అదే పిల్లవాడికి ‘ఎస్‌క’ అంటే మన ‘ఆ’ లాంటిదేనని చెప్పి చూడండి. మన గుర్తు వాక్యం చివర వస్తుంది, వాళ్లది ముందు వస్తుంది, తేడా అంతే. రెండు భాషల్లోనూ ఉన్న వాక్యం ఉన్నట్టే ఉంటుంది. కర్త ఏదైనా, కాలం ఏదైనా ఆ ముక్క మారదు. నేను, నువ్వు, బస్సు, వాన, ఎవరి గురించి అడిగినా అదే ముక్క. పోలిక ఇంతటితో ఆగదు. ప్రశ్న మరో వాక్యం లోపలికి పోయినప్పుడు ఏమవుతుందో గమనించాలి. ‘బస్సు వస్తుందా?’ అన్నది ‘బస్సు వస్తుందో లేదో తెలియదు’ అయినప్పుడు మన ‘ఆ’ తప్పుకుని ‘ఓ’ వస్తుంది. ఫ్రెంచ్‌లో ‘ఎస్‌క ల బ్యుస్ వియఁ?’ అన్నది ‘జ న సే పా సి ల బ్యుస్ వియఁ’ అవుతుంది. అక్కడా ‘ఎస్‌క’ తప్పుకుని ‘సి’ వచ్చింది. నేరుగా అడిగే గుర్తు ఒకటి, లోపల ఇమిడిన సందేహానికి గుర్తు ఇంకొకటి. తెలుగు పిల్లలకు ఈ తేడా మాటలు వచ్చిన నాటి నుంచే తెలుసు. దాన్ని ఇంగ్లీషు వ్యాకరణ సూత్రంగా మార్చి, పరోక్ష ప్రశ్న అని పేరు పెట్టి, కొత్త పాఠంలా నేర్పడంలో ఎంత శ్రమ వృథా అవుతోందో లెక్క వేయడం కష్టం.

మహదేవపూర్ నుంచి కాళేశ్వరం దారి పడితే రెండో రకం ప్రశ్నలు ఎదురవుతాయి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరాలయం ఇది. 2015లో గోదావరి పుష్కరాలకు, 2022లో ప్రాణహిత పుష్కరాలకు, 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలకు జనం ఇక్కడికి తరలివచ్చారు. కొత్త చోట జనం అడిగేవి ‘ఏడ, ఎప్పుడు, ఎంత, ఎవరు’ అనే ప్రశ్నలు. ‘మీరు కాళేశ్వరం పోతున్నరు’ అనే వాక్యంలో కాళేశ్వరం ఉన్న చోటనే ‘ఏడికి’ పెడితే ‘మీరు ఏడికి పోతున్నరు?’ అని ప్రశ్న తయారైంది. జవాబు ఎక్కడ కూర్చోవాలో ప్రశ్న మాట అక్కడే కూర్చుంది. ఇంగ్లీషు ఈ మాటను లాక్కెళ్లి వాక్యం మొదట పెడుతుంది. ఫ్రెంచ్ పుస్తకాలు కూడా ‘ఊ ఆలే-వు?’ అని మొదటే పెట్టిస్తాయి. కానీ పారిస్ వీధిలో, మార్సెయ్ సంతలో సాటివాళ్లు మాట్లాడుకునేటప్పుడు ఎక్కువగా వినిపించేది ‘వు జాలే ఊ?’ అనే రూపం. ‘వు జాలే ఆ కాళేశ్వరం’ అనే జవాబులో ఊరి పేరున్న చోటికే ‘ఎక్కడ’ అనే ‘ఊ’ వచ్చి కూర్చుంది, మన పద్ధతే. ‘ఇది ఏంది?’ అన్నదానికి ‘సె క్వా?’ అంటారు. ముందు ‘ఇది’, వెనక ‘ఏంది’. మాట వరస కూడా మనదే.

తెలుగు ‘ఆ’కు ఉన్న ఇంకో సుగుణం, అది క్రియకే అంటిపెట్టుకుని ఉండదు. అనుమానం ఏ మాట మీద ఉంటే ఆ మాటకు పోయి అతుక్కుంటుంది. ‘మీరు కాళేశ్వరమా పోయేది?’ అన్నప్పుడు పోవడం గురించి అనుమానం లేదు, ఊరి గురించే. ఫ్రెంచ్ ఇదే పని చేయడానికి ‘సె... క’ అనే కట్టు వాడుతుంది: ‘సె తా కాళేశ్వరం క వు జాలే?’ అనుమానం ఉన్న మాటను ఎత్తి ఆ కట్టులో బిగించి, మిగతాది వెనక పెడతారు. మన ‘పోయేది’ చేసే పని అక్కడ ‘క’ చేస్తోంది. బస్టాండులో విన్న ‘ఇది భూపాలపల్లి బస్సేనా?’ అన్నదానిలోని ‘ఏనా’కు కూడా ఫ్రెంచ్‌లో చోటుంది. ‘సె బ్యఁ ల బ్యుస్ ద భూపాలపల్లి?’ అంటే సరిపోతుంది. ముందే తెలిసినదాన్ని గట్టి చేసుకోవడానికి అడుగుతున్నాను అన్న ధ్వని ఆ ‘బ్యఁ’లో ఉంది. మహదేవపూర్ మగ్గం దగ్గర చీర అంచును వేళ్ల మధ్య నలిపి చూస్తూ ‘ఇది దసలి పట్టేనా?’ అని అడిగే మనిషి గొంతులో ఉన్నది సరిగ్గా అదే. ఇంత సన్నని ఛాయను ఇంగ్లీషు మీదుగా నేర్చుకోబోతే పై తరగతుల దాకా ఆగాలి.

ఈ పోలికలో పొసగని చోటు కూడా ఉంది, దాన్ని దాచడం భావ్యం కాదు. కాళేశ్వరం దాటి అంబటిపల్లి దగ్గరకు వస్తే మేడిగడ్డ బ్యారేజీ కనిపిస్తుంది. 2019 జూన్ 21న ప్రారంభమై, 2023 అక్టోబరులో పియర్లు కుంగిన బ్యారేజీ. ఇక్కడ జనం అడిగేది ఒకటే, ‘ఎందుకు కుంగింది?’ ఎక్కడ, ఎప్పుడు, ఎంత అనే మాటలు ఫ్రెంచ్ వాక్యం చివర హాయిగా ఇమిడినట్టు, ‘ఎందుకు’ అనే ‘పూర్‌క్వా’ ఇమడదు. అది ముందుకే రావాలంటుంది. చివర పెట్టి అనేవాళ్లు లేకపోలేదు గానీ, నేర్చుకునేవాళ్లు ‘పూర్‌క్వా ఎస్‌క...’ అని మొదలుపెట్టి, తర్వాత మామూలు వాక్యం చెప్పడమే మేలు. ఎందుకు అనేది వాక్యంలో ఏ ఖాళీనీ పూరించమనదు, వాక్యం మొత్తానికి కారణం చెప్పమంటుంది. ముందుకు రావడంలో సబబు ఉంది. ఈ బ్యారేజీ గురించి ఆ ప్రశ్న వేయడానికి ప్రభుత్వం జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్‌ను నియమించాల్సి వచ్చింది. ఊరివాళ్లు కట్ట మీద నిలబడి అడిగే ‘ఎందుకు’కూ, కమిషన్ ముందు సాక్షిని అడిగే ‘ఎందుకు’కూ అర్థం ఒకటే. వేసే తీరు వేరు. ఆ తీరు సంగతి రాజమహేంద్రవరం చేరాక చూడాలి.

అక్కడికి చేరేలోపు ఒక గట్టి ఆక్షేపణకు జవాబు చెప్పాలి. ‘ఎస్‌క’ అనేది మోటు పద్ధతి, తిప్పి అడగడమే సంస్కారవంతుల ఫ్రెంచ్, పిల్లలకు మొదట మోటుది నేర్పితే అదే నిలిచిపోతుంది అని కొందరు ఉపాధ్యాయులు వాదిస్తారు. పలిమెల అడవుల నుంచి ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు, భద్రాచలం మీదుగా సాగే ఈ దారిలో తెలుగు మాట ఎట్లా మారుతూ పోతుందో వింటే ఆ వాదం ఎక్కడ పొరబడిందో తెలుస్తుంది. ‘పోతున్నవా’ అన్నది పోనుపోను ‘వెళ్తున్నావా’ అవుతుంది. ఒకటి మోటనీ ఇంకొకటి నాజూకనీ అనడం ఊళ్ల మధ్య పెద్దరికం తగాదా తప్ప భాష సంగతి కాదు. ఫ్రెంచ్‌లోనూ అంతే. ‘ఎస్‌క’ నిన్న మొన్నటిది కాదు, శతాబ్దాలుగా వాడుకలో ఉంది. బడిలో, దుకాణంలో, టీవీలో, ఆఫీసులో దాన్ని ఎవరూ తప్పు పట్టరు. మూడు పద్ధతుల్లో ఎక్కడా ఎబ్బెట్టుగా వినిపించనిది అదే. గొంతు లేపి అడగడం పెద్దల ముందు చనువుగా వినిపించవచ్చు. తిప్పి అడగడం స్నేహితుల మధ్య బిగదీసుకున్నట్టు వినిపించవచ్చు. ‘ఎస్‌క’కు ఆ బెడదలు రెండూ లేవు.

ఇంకా బలమైన సాక్ష్యం ఫ్రాన్స్ పల్లెల నుంచి వస్తుంది. ‘ల బ్యుస్ పార్-తిల్?’ వంటి ప్రశ్నల్లో చివరి ‘ల్’ పల్లెవాసుల మాటలో జారిపోయేది. మిగిలింది ‘తి’. వినేవాళ్లకు ఆ ‘తి’లో ‘అది’ అనే సర్వనామం కనబడక, అదే ప్రశ్న గుర్తు అనిపించింది. దాంతో నేను, నువ్వు అనే కర్తలకు కూడా క్రియ వెనకే ‘తి’ తగిలించి అడగడం మొదలైంది. గాస్టన్ పారిస్ అనే భాషా పండితుడు 1877లో ఈ ‘తి’ మీదే ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. అట్లాంటిక్ దాటి క్యుబెక్ చేరిన ఫ్రెంచ్‌లో అలాంటి ముక్కే ‘తు’ రూపంలో ఇప్పటికీ రోజువారీ మాటలో ఉంది. అక్కడ ‘ఇల్ పార్-తు?’ అంటే ‘అతను పోతున్నాడా?’ అని. ‘తు’ అంటే నువ్వు అనే అర్థం అక్కడ లేదు, కేవలం ప్రశ్న గుర్తు. క్రియ చివర మారని ముక్క ఒకటి తగిలించి అడగడం: మహదేవపూర్ బస్టాండు చేసేదీ ఇదే. తిప్పి అడగడాన్నే ఫ్రెంచ్ స్వభావం అనుకునేవాళ్లు, సొంత పల్లెలే ఆ పద్ధతిని కరిగించి ‘ఆ’ వంటి ముక్కను తయారు చేసుకున్న సంగతి గమనించాలి. క్యుబెక్ రూపాన్ని మన పిల్లలకు నేర్పమని నేను అనడం లేదు. ఫ్రెంచ్‌కూ తెలుగుకూ చుట్టరికం లేదు కాబట్టి పోలిక పనికిరాదన్నవాళ్లకు మాత్రం ఇది చాలిన జవాబు. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే పనికి ఒకే రకం పనిముట్టు తయారు చేసుకోగలవు. నేర్చుకునేవాళ్లకు కావలసింది ఆ పనిముట్టు పోలికే.

పాపికొండలు దాటి రాజమహేంద్రవరం చేరితే ఫ్రెంచ్ చరిత్రలోకి వచ్చినట్టే. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచ్ వాళ్లకు ఇచ్చాడు. ఫ్రెంచ్ సేనాపతి బుస్సీ దళాలు ఈ గట్ల మీదుగా తిరిగాయి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ రోజుల్లో ఫ్రెంచ్ దొర ప్రశ్న తెలుగు జమీందారు చెవిన పడాలంటే మధ్యలో దుబాసీ ఉండాలి. బుస్సీ దివానుగా పెత్తనం నడిపిన హైదర్ జంగ్ వంటివాళ్లకు అంత పలుకుబడి రావడానికి కారణం, అడిగేవాడికీ చెప్పేవాడికీ నడుమ వాళ్లే నిలబడటం. ప్రశ్న ఎవరి నోట ఎవరికి పోతోంది అన్నది ఎప్పుడూ చిన్న విషయం కాదు. తిప్పి అడిగే పద్ధతికి అసలు చోటు ఇక్కడ దొరుకుతుంది. ఫ్రాన్స్‌లో పౌర వివాహానికి మేయరు వధూవరుల సమ్మతి అడిగేది ఆ రూపంలోనే. న్యాయమూర్తి, పత్రికా విలేకరి, ఉత్తరం రాసే అధికారి వాడేదీ అదే. దూరం, హోదా, లాంఛనం ఉన్నచోట అది శోభిస్తుంది. వీటినే మన భాషలో క్రియ తొడుక్కుంటుంది: ‘వస్తవా, వస్తరా, వస్తారా అండీ, దయచేస్తారా.’ ఎవరితో ఏ మెట్టు మీద నిలబడి అడగాలో తెలుగు పిల్లలకు ఒకరు నేర్పనక్కర లేదు.

అందుకే తిప్పి అడగడాన్ని సూత్రంగా కాక, కట్టిపెట్టిన మాటలుగా మొదట నేర్పాలంటాను. ‘కొమాఁ తాలే-వు?’ అంటే ఎలా ఉన్నారు, ‘కెల్ ఆర్ ఎతిల్?’ అంటే టైమెంత, ‘పూరియే-వు...’ అంటే కాస్త ఈ సాయం చేయగలరా. ఇవి పది పన్నెండు నోటికి వస్తే కొత్త మనిషిని మర్యాదగా పలకరించడానికి లోటుండదు. మిగతాదానికి ‘ఎస్‌క’ ఉంది. మర్యాద అనేసరికి ఇంకో ముచ్చట. ఫ్రాన్స్‌లో దుకాణంలోకి పోయి ‘బోఁజూర్’ అనకుండా నేరుగా ప్రశ్న వేస్తే, వ్యాకరణం ఎంత చక్కగా ఉన్నా అవతలి మనిషి ముఖం ముడుచుకుంటుంది. ముందు పలకరింపు, ఆ తర్వాత ప్రశ్న. మహదేవపూర్‌లో కండక్టరును ‘అన్నా’ అనీ, దారిలో కనబడ్డ ముసలామెను ‘అవ్వా’ అనీ పిలవకుండా ఎవరూ ఏదీ అడగరు. ఇంగ్లీషు తరగతిలో నేర్చిన ‘ఎక్స్‌క్యూజ్ మీ’ కంటే ‘అన్నా’ అని పిలిచే అలవాటే ఈ ‘బోఁజూర్’కు దగ్గర. ప్రశ్న వాక్యంతో మొదలవదు, మనిషిని గుర్తించడంతో మొదలవుతుంది. అది పట్టుబడినవాళ్లు ఫ్రాన్స్‌లో తడబడరు.

తెలుగు మీదుగా పోతే పడే గోతులు రెండున్నాయి. మొదటిది గొంతు. మనకు ‘ఆ’ ఉంది కాబట్టి ప్రశ్న బరువంతా ఆ దీర్ఘమే మోస్తుంది. ఏ ముక్కా చేర్చకుండా స్వరం ఒక్కదానితో ప్రశ్న చేసే ఫ్రెంచ్ పద్ధతి దగ్గర మనవాళ్లు స్వరం చాలినంత లేపక, ప్రశ్నను మామూలు మాటగా వినిపించే ప్రమాదం ఉంది. మొదట గొంతు పద్ధతి కాక ‘ఎస్‌క’ నేర్పాలని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. రెండోది ఇంకా లోతైనది, జవాబు దగ్గర వస్తుంది. ‘నువ్వు రావా?’ అని అడిగితే రానివాళ్లు ‘అవును, రాను’ అనవచ్చు. అడిగినవాళ్ల అనుమానం నిజమే అని ఒప్పుకోవడం అది. ఫ్రెంచ్‌లో అక్కడ ‘ఉయి’ అంటే గందరగోళం. రానివాళ్లు ‘నోఁ’ అనే తీరాలి. వచ్చేవాళ్లు కూడా ‘ఉయి’ అనరు. వాళ్లకు ‘సి’ అని వేరే మాట ఉంది. అడిగినవాళ్లు కాదనుకున్నదాన్ని అవుననడానికే పుట్టిన మాట అది. మనం ‘ఎందుకు రాను, వస్తా’ అని నిలదీసినట్టు చెప్పేది వాళ్లు ఆ ఒక్క అక్షరంలో చెబుతారు. ఇంగ్లీషులో ఇలాంటి మాట లేదు కాబట్టి ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్లు కూడా ఈ గోతిలో పడతారు. తెలుగువాళ్లకు కనీసం ‘ఎందుకు రాను’ అనే మెట్టు ఉంది.

ధవళేశ్వరం దగ్గర చీలిన గౌతమి పాయ వెంట సాగితే యానాం. 1723లో ఫ్రెంచ్ వాళ్లు వ్యాపారానికి అడుగుపెట్టి, మధ్యలో వదిలిపోయి, 1731లో తిరిగి వచ్చి నిలిచిన చోటు. దాదాపు 30 చదరపు కిలోమీటర్ల నేల. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పరిపాలన పుదుచ్చేరిది. 1956 నాటి అప్పగింత ఒప్పందంలో, ఎన్నికైన ప్రజాప్రతినిధులు మరోలా నిర్ణయించేదాకా ఫ్రెంచ్ అధికార భాషగా కొనసాగుతుందని రాసుకున్నారు. కాగితం మీద అంత గౌరవం దక్కినా యానాం వీధుల్లో మాట తెలుగే. దీనికి చరిత్ర కారణం కొంత. పైవాళ్లు అడగడం, కిందివాళ్లు జవాబు చెప్పడం అన్నదే వలసపాలనలో భాష నడిచిన దిక్కు. సామాన్యుడికి ఫ్రెంచ్‌లో జవాబు చెప్పే అవసరం పడి ఉండవచ్చు గానీ, ఫ్రెంచ్‌లో ప్రశ్న వేసే అవకాశం రావడం అరుదు. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చాక, వాటిని జరిపించడానికి జనం ఫ్రెంచ్ నేల అయిన యానాం వచ్చేవారు. ఊరికి కల్యాణపురం అనే పేరు పడింది. ఆ పిల్లలను మాత్రం ఏ భాషలోనూ ఎవరూ ఏమీ అడగలేదు.

యానాం పక్కనే కోరంగి. 19వ శతాబ్దంలో ఈ రేవుల నుంచి తెలుగు కూలీలు హిందూ మహాసముద్రంలోని చెరకు దీవులకు, మారిషస్‌కూ రీయూనియన్‌కూ ఓడలెక్కారు. మారిషస్‌లో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచారు. ఉగాది అక్కడ ఇప్పటికీ ప్రభుత్వ సెలవు దినం. ఆ తెలుగువాళ్లు ఫ్రెంచ్‌ను ఏ వాచకంలోనూ నేర్చుకోలేదు. తోటల్లో పుట్టిన క్రియోల్ మాటే వాళ్ల వీధి భాష అయింది. ఆ క్రియోల్‌లో ప్రశ్న ఎలా అడుగుతారంటే, వాక్యం ముందు ‘ఎస్కి’ అంటారు. ‘ఎస్కి తో పె వినీ?’ అంటే ‘నువ్వు వస్తున్నావా?’ అని. ‘ఎస్‌క’ ఒకే మాటగా గట్టిపడి, దాని వెనక వాక్యం కదలకుండా నిలబడింది. తిప్పి అడగడం అక్కడ నిలవలేదు. రకరకాల భాషల మనుషులు ఒకరినొకరు అడగవలసిన చోట, బడి పెత్తనం లేని చోట మిగిలింది ఆ మారని ముక్క. కోరంగి నుంచి పోయిన తెలుగువాళ్లకు అది పట్టుబడటానికి ఏ అడ్డమూ ఉండి ఉండదు.

ఇక పరీక్షల మాట. హైదరాబాద్‌లో ఇంటర్మీడియెట్ రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకునేవాళ్లున్నారు. ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, ఇఫ్లూ విశ్వవిద్యాలయం ఉంది. మార్కులు తిప్పి రాసే ప్రశ్నలకే వస్తాయి కదా, నీ వాదం పరీక్ష హాలులో ఏం పనికొస్తుంది అనవచ్చు. ఫ్రెంచ్ ప్రభుత్వం ఇచ్చే డెల్ఫ్ ధ్రువపత్రంలో మొదటి మెట్టు అయిన ఎ1 మౌఖిక పరీక్షనే తీసుకుందాం. అందులో ఒక భాగంలో పరీక్షకుడు ప్రశ్నలు వేయడు, అభ్యర్థే వేయాలి. బల్ల మీద ఒక్కొక్క మాట రాసిన చీటీలు ఉంటాయి. చీటీ తీసి, ఆ మాట మీద ఎదుటి మనిషిని ఏదో ఒకటి అడగాలి. ‘సెలవులు’ అని వచ్చిందనుకోండి, ‘ఎస్‌క వు పార్తే ఆఁ వకాఁస్?’ అంటే చాలు, సెలవులకు ఎటైనా వెళ్తున్నారా అని. ‘వు జాలే ఊ?’ అన్నా తప్పు లేదు. అక్కడ చూసేది అడగగలిగారా, అర్థమైందా అన్నదే. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది, అది మంచికే కావచ్చు. కానీ మూడో, నాలుగో భాష నేర్పేటప్పుడు ఆ మీడియాన్నే ఏకైక వంతెన చేయనవసరం లేదు. ఫ్రెంచ్ ప్రశ్నను తెలుగు ఉదాహరణలతో, తెలుగు లిపి ఆసరాతో, అరసున్నను ముక్కు ధ్వనికి వాడుకుంటూ వివరించే చిన్న పుస్తకం ఒకటి తయారైతే, అందులో మొదటి పాఠం ‘కాళేశ్వరం పోతదా?’ అన్న వాక్యంతో మొదలుకావచ్చు. దాని పక్కన ‘ఎస్‌క ల బ్యుస్ వా ఆ కాళేశ్వరం?’ అని రాసి, పిల్లలను జతలుగా కూర్చోబెట్టి, బస్సు పేరు మార్చి, ఊరి పేరు మార్చి, ఒకరినొకరు అడగమనాలి.